వెనక్కి వచ్చినవారు: ముప్పై ఎనిమిది

9, సోమవారం

ఆఫీసు రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు రాయాలి. అందుకే ఈ పుస్తకం విడిగా పెట్టుకున్నాను. ఇందులో నాకు తోచింది రాసుకుంటాను, ఎవరి సంతకమూ ముద్రా అక్కర్లేదు.

నిన్న సాయంత్రం ట్రిప్పు తిరిగి వచ్చింది. మూడు రోజులు, సరిహద్దు అవతల నాలుగు ఊళ్ళు, ముప్పై ఎనిమిది మంది ప్రయాణికులు. ఒక్క పంక్చరు లేదు, ఒక్కరికి వాంతి లేదు. వానలో కూడా చెక్‌పోస్టువాళ్ళు మమ్మల్ని పావుగంటలో పంపేశారు. మా ముందొచ్చిన బస్సు గంటన్నర నుంచి అక్కడే పడి ఉంది. కాగితం శుభ్రంగా ఉంటే మర్యాద దానంతటదే వస్తుందని బావకి ఎన్నిసార్లు చెప్పానో. ఆయనకి బస్సు అంటే ఇంజనూ, డీజిలూ, హారనూ అంతే. ఓనరు ఆయనే కానీ, లైసెన్సు నిలబడింది నా మేనేజరు సర్టిఫికెట్టు మీద. ఆ సంగతి ఆయనకి ఏడాదికోసారి, రెన్యువల్ అప్పుడు మాత్రం గుర్తొస్తుంది.

పొద్దున నేను షట్టరు ఎత్తుతుండగానే ఒక సన్నపాటి మనిషి మెడలో కొలతల టేపుతో వచ్చి నిలబడ్డాడు. రెండు వీధుల అవతల టైలరట.

"మా అక్క మీ బస్సులో వెళ్ళిందండీ. నిన్న బస్సు వచ్చేటప్పటికి నేను స్టాండులోనే ఉన్నాను. అందరూ దిగారు, అక్క దిగలేదు."

"రింగురోడ్డు దగ్గర పదకొండు మంది దిగారు. వాళ్ళతో దిగి ఉంటుంది."

"అక్కడ మాకెవరూ లేరండీ."

"చుట్టాలు లేకపోతే స్నేహితులుండరా? మూడు రోజులు పక్కపక్కన కూర్చుంటే స్నేహాలు కలవవా?"

"మా అక్కకా?" అని నవ్వబోయి ఆగిపోయాడు.

సరే, పాపం అని అతనికి అర్థమయ్యేలా చెప్పాను. మాది టూరిస్టు పర్మిట్. ఊరూరా ఆపి మనుషుల్ని ఎక్కించుకోవడానికీ దించడానికీ మాది రూటు బస్సు కాదు. ఇక్కణ్ణుంచి వెళ్ళినవాళ్ళే, అదే బస్సులో, అంతే మంది తిరిగి రావాలి. ఒక్క తల తగ్గినా చెక్‌పోస్టు దాటనివ్వరు. ట్రిప్ షీటు తీసి రెండు దేశాల ముద్రలూ చూపించాను. వెనక్కి వచ్చినవారు: 38, అక్షరాలా ముప్పై ఎనిమిది. ఇరవై మూడో వరసలో వాళ్ళక్క పేరు. అతను ఆ పేరు మీద వేలు పెట్టి చదువుకున్నాడు.

"ఎవరు రాశారండీ? రాత ముత్యాల్లా ఉంది" అన్నాడు వెళ్తూ. నేనేనని చెప్పాను.

ఆవిడ నాకు బాగానే గుర్తుంది. బూడిదరంగు కోటు. ఆగిన ప్రతిచోటా "ఎన్నింటికి రావాలి బాబూ?" అని అడిగేది, చెప్పిన టైముకి పది నిమిషాలు ముందే మెట్టు దగ్గర నిలబడి ఉండేది. చివరాఖరున మేం ఆగింది జలపాతం దగ్గర. అక్కణ్ణుంచి టైముకే బయల్దేరాం.

10, మంగళవారం

టైలరు మళ్ళీ వచ్చాడు. లేనని చెప్పించాను. 27న లైసెన్సు రెన్యువల్ ఇన్‌స్పెక్షను, ఫైలు కట్టుకోవాలి. ఎవరింటి మనిషి ఎక్కడ దిగిందో చూసుకుంటూ కూర్చోవడం నా పని కాదు.

11, బుధవారం

ముద్ర కోసం ట్రిప్పు సంచిలో చెయ్యి పెడితే లోపలి అరలో ఒక పాస్‌పోర్టు తగిలింది.

ఆవిడది.

ఎలా ఉండిపోయిందో తెలుస్తూనే ఉంది. ఆఖరి మజిలీకి ముందే అందరి పాస్‌పోర్టులూ తీసుకుని, చెక్‌పోస్టు దగ్గర నేనే కట్టగా ఇస్తాను, ముద్రలు పడ్డాక బస్సు నడుస్తుండగా పేర్లు పిలిచి పంచుతాను. ఆ వేళ అందరికీ ఇంటి ధ్యాస, సగం మంది నిద్ర. ఆవిడ పేరు పిలిచాను. పలికినట్టే అనిపించింది. పలక్కపోతే అప్పుడే ఏదో అనేవాణ్ణి కదా. దిగేటప్పుడు ఇద్దామని అరలో పెట్టి ఉంటాను.

పాస్‌పోర్టు మీద మన ముద్ర ఉంది. ఎనిమిదో తేదీ, సాయంత్రం ఆరు నలభై. ముద్ర పడిందంటే మనిషి వచ్చినట్టే.

షెడ్డులో టైర్లు కడుగుతున్న పెద్ద డ్రైవర్ని మాటల్లో మాటగా ఆవిడ సీటు గురించి అడిగాను.

"ఇరవై మూడా సార్? జలపాతం దగ్గర్నుంచి ఖాళీయే. వెనక సీట్లోకి వెళ్ళి పడుకుందేమో అనుకున్నా. మీరు 'అందరూ ఎక్కారు, పోనీ' అన్నారు కదా."

"అన్నాను. అందరూ ఎక్కారు కాబట్టే అన్నాను."

"లెక్క పెట్టే ఉంటార్లెండి" అని మళ్ళీ టైరు మీదికి వంగాడు. ఇరవై ఏళ్ళ నుంచి స్టీరింగు పట్టిన మనిషి, ఎక్కడ ఏ మాట దగ్గర ఆగాలో తెలుసు.

లెక్క పెట్టలేదు. ఇక్కడైనా రాయాలి కదా. తిరుగు ప్రయాణం షీటు ఆఖరి మజిలీలో, తలలు లెక్కపెట్టి, అక్కడే రాసి సంతకం చెయ్యాలని రూలు. ట్రైనింగులో మొదటి రోజు చెప్పేది అదే. కానీ బస్సులో రాస్తే అక్షరం వణుకుతుంది. అందుకని బయల్దేరే ముందు రోజు సాయంత్రమే వెళ్ళే షీటూ, వచ్చే షీటూ రెండూ బల్ల మీద కూర్చుని రాసేసుకుంటాను. సంతకంతో సహా. పదహారేళ్ళ నుంచీ అంతే. వెళ్ళినవాళ్ళే కదా వచ్చేది. ఒక్కసారైనా తేడా వచ్చిందా?

12, గురువారం

బావకి చెప్పాను. సగం చెప్దామనుకుని మొత్తం చెప్పాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి సీలింగు ఫ్యాను కేసి చూశాడు.

"ఎవరికైనా తెలుసా?"

"పెద్ద డ్రైవరుకి అనుమానం."

"వాడు నోరు మెదపడు. నువ్వే మెదుపుతావు, నీకు పద్ధతుల పిచ్చి." లేచి తలుపు వేశాడు. "ఒరేయ్, బాగా ఆలోచించు. ఏమని చెప్తావు? రాకముందే వచ్చారని రాసి సంతకం పెట్టానంటావా? అదే తప్పుడు డిక్లరేషను. నీ సర్టిఫికెట్టు పోతుంది. నీ సర్టిఫికెట్టు పోయిన రోజున నా లైసెన్సు పోతుంది. రెండు బస్సులూ షెడ్డులో తుప్పు పడతాయి. మీ అక్కా నేనూ ఈ వయసులో ఏం చెయ్యాలి, నువ్వే చెప్పు."

"మరి ఆవిడ?"

"ఆవిడే ఉండిపోయింది. పని దొరుకుతుందని అలా ఎంతమంది ఉండిపోవడం లేదు? పెద్దమనిషిలా బస్సెక్కడం, అక్కడ జారుకోవడం. మనల్ని ముంచి తను తేలింది. ఇరవై ఏడో తేదీ దాకా ఊరుకో. తర్వాత చూద్దాం."

అది నిజమే కావచ్చు. ఉండిపోవాలనుకున్న మనిషైతే పాస్‌పోర్టు నా దగ్గర ఎందుకు వదులుతుందని ఒక ప్రశ్న ఉంది. అడుగుదామనుకున్నాను. బావ అప్పటికే ఫోన్లో స్పేర్ పార్టులవాణ్ణి తిడుతున్నాడు.

13, శుక్రవారం

జలపాతం దగ్గర పార్కింగువాళ్ళ ఫోను నంబరు నా పుస్తకంలో ఉంది. రేపు చేస్తాను.

14, శనివారం

ఫోను చెయ్యలేదు. చేద్దామని కూర్చునేసరికి టైలరు వచ్చాడు, చేతిలో తెల్ల అట్టలు.

పోలీసుల దగ్గరికి వెళ్ళాడట. వాళ్ళు కంప్యూటర్లో చూసి, మీ అక్క ఎనిమిదో తేదీ సాయంత్రం దేశంలోకి వచ్చేసింది, ఇక్కడే ఎక్కడో ఉంటుంది, వెతుక్కో అన్నారట. అందుకని రింగురోడ్డు పొడుగునా స్తంభాలకి నోటీసులు కడతాడట.

"నా రాత బట్టల మీద చాక్‌పీసు రాత సార్. మీరైతే అందంగా రాస్తారు. దూరం నుంచి కూడా కనబడాలి."

నేను రాశాను. ఏం చెయ్యను? కాదనడానికి కారణం కావాలి. తప్పిపోయిన మనిషి, వయసు యాభై తొమ్మిది, బూడిదరంగు కోటు, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ.

"ఎక్కడ దిగిందో రాయండి సార్."

"ఎనిమిదో తేదీ రింగురోడ్డు దగ్గర బస్సు దిగినది" అని రాశాను. పన్నెండు అట్టలు. పన్నెండు సార్లు అదే వాక్యం. నాలుగో అట్ట దగ్గర్నుంచి చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది.

"దిగుతుంటే మీరు చూశారు కదా?" అన్నాడు అట్టలు పేర్చుకుంటూ.

"ఆఁ" అన్నాను.

ఆ 'ఆఁ' ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు.

15, ఆదివారం

అక్కావాళ్ళింటికి మార్కెట్టు చుట్టూ తిరిగి వెళ్ళాను. ఎప్పుడూ రింగురోడ్డు మీదుగానే వెళ్తాను.

17, మంగళవారం

పోలీసు ఆఫీసరు పిలిపించాడు. వయసులో నాకంటే చిన్నవాడు, టీ ఇప్పించి మరీ అడిగాడు.

"ఆవిడ తిరిగి వచ్చిందా?"

"ట్రిప్ షీటులో ముప్పై ఎనిమిది మంది ఉన్నారు సార్. రెండు పక్కలా ముద్రలున్నాయి."

"షీటు చూశాను. చాలా నీట్‌గా ఉంది. మీరు చూశారా ఆవిణ్ణి?"

"అంతమందిలో ఒక్కొక్కర్నీ గుర్తు పెట్టుకోవడం..."

"రింగురోడ్డు దగ్గర దిగడం మీరు చూశారని తమ్ముడు చెప్తున్నాడు."

"అదే సార్. దిగినవాళ్ళలో ఉందని."

ఇందులో ఏ వాక్యమూ అబద్ధం కాదు. బయటికొచ్చాక ఒక్కొక్కటే మళ్ళీ అనుకుని చూసుకున్నాను. చివరిదొక్కటే కొంచెం అటూ ఇటూగా ఉంది.

అతను పెన్ను మూతపెట్టి, గొంతు తగ్గించాడు. "మీతో చెప్పకూడదు కానీ, ఆ ఇల్లు ఆవిడ పేరున ఉంది. ఆవిడకి పిల్లల్లేరు. ఇంట్లో ఉండేది ఈ తమ్ముడొక్కడే. మనిషి ఊళ్ళోకి వచ్చింది, ఇంటికి చేరలేదంటున్నాడు. చేరలేదని చెప్తున్నది ఎవరు? వీడే."

కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని, ఎటు కొట్టుకున్నా గట్టు అందదు.

18, బుధవారం

ఆవిడ అక్కడే ఉండిపోయి ఉంటుంది. ఎవరింట్లోనో పనికి కుదిరి ఉంటుంది. వంటపనో, పిల్లల్ని చూసుకునే పనో. మంచి జీతం ఇస్తారట అక్కడ. తమ్ముడికి చెప్తే వద్దంటాడని చెప్పకుండా వెళ్ళి ఉంటుంది. నెల తిరిగేలోపు ఉత్తరం రాస్తుంది. ఉండిపోయి ఉంటుంది.

19, గురువారం

అక్క వచ్చింది, చేతిలో అన్నం డబ్బా. నేను సరిగ్గా తినడం లేదని బావ చెప్పాడట. దేనివల్ల తినడం లేదో మాత్రం చెప్పలేదు. ఆయనకి ఏది ఎంతవరకు చెప్పాలో బాగా తెలుసు.

"ఏరా, మొహం అలా పీక్కుపోయిందేంటి? ఇన్‌స్పెక్షను కోసమేనా? పదహారేళ్ళలో ఒక్క మాట పడ్డావా నువ్వు?" అంటూ నా బల్ల మీద కాగితాలు పక్కకి జరిపి డబ్బా విప్పింది. "విన్నావా, మన బస్సులో వెళ్ళొచ్చిన ఆ పెద్దావిణ్ణి సొంత తమ్ముడే ఏదో చేశాడట. ఇంటి కోసమట. కాలవలో వెతికిస్తున్నారు."

"ఎవరు చెప్పారు?"

"వీధంతా అదే మాట. నిప్పు లేనిదే పొగ వస్తుందా? చిన్నప్పుడు వాళ్ళమ్మ పోతే ఆవిడే పెంచిందట వీణ్ణి. పెళ్ళి కూడా చేసుకోలేదట వీడి కోసం." ముద్ద కలిపి చేతికిచ్చింది, నలభై ఆరేళ్ళవాణ్ణని మర్చిపోయి. "తమ్ముళ్ళలో ఇలాంటివాళ్ళు కూడా ఉంటారు చూడు."

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. దగ్గొచ్చింది. అక్క వీపు తట్టింది, నెత్తి మీద చరిచింది, నీళ్ళిచ్చింది. తను ఎంత చేస్తే అంత ఏడుపొచ్చింది నాకు. కారం అని చెప్పాను.

20, శుక్రవారం

టైలరు కొట్టుకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలీదు. పాస్‌పోర్టు జేబులో ఉంది.

షట్టరు సగానికి దించి ఉంది. వంగి లోపలికి వెళ్తే, మిషను ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. కుట్టడానికిచ్చిన బట్టలన్నీ జనం వెనక్కి పట్టుకుపోయారట. ఒక పెళ్ళివాళ్ళు చేతులు కుట్టని జాకెట్టు కూడా తీసుకుపోయారట. పోలీసులు రెండుసార్లు తీసుకెళ్ళారు. కొట్టలేదని తనే చెప్పాడు, నేను అడక్కుండానే.

"మీరొచ్చారు సార్. ఇంకెవరూ రావడం లేదు." స్టూలు తుడిచి వేశాడు. "ఒక్కటి అడుగుతాను. రింగురోడ్డు దగ్గర దిగినప్పుడు అక్క ఎలా ఉంది? నీరసంగా ఉందా? ఎవరితోనైనా మాట్లాడుతోందా?"

ఇప్పుడు చెప్పాలి. ఇదే సమయం. షట్టరు సగం దించి ఉంది, ఎవరూ లేరు, అతను అడుగుతున్నాడు.

"బాగానే ఉంది" అన్నాను. "నవ్వుతూనే దిగింది."

అతను రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "నవ్వుతూ దిగిందా" అన్నాడు. "చాలండీ. ఆ మాట చాలు."

నా అంత నీచుడు ఈ ఊళ్ళో లేడు.

21, శనివారం

జలపాతం దగ్గర "నాలుగున్నరకి అందరూ బస్సు దగ్గరుండాలి" అని నేనే చెప్పాను. ఆవిడ ఎప్పట్లాగే మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను, నాలుగున్నర.

నాలుగింటికి వాన పట్టుకుంది. జనం పరుగు పరుగున వచ్చి ఎక్కేశారు. "ఇంకెందుకు ఆలస్యం, పోదాం పదండి" అని అరిచారు. "అందరూ ఎక్కారా?" అని అడిగాను. "ఎక్కాం" అని బస్సంతా అరిచింది. ఎక్కినవాళ్ళని అడిగితే ఎక్కాం అనే అంటారు. తిరుగు షీటు సంతకంతో సహా నా సంచిలో సిద్ధంగా ఉంది. ఇక లెక్కేంటి?

నాలుగూ పదికి కదిలాం.

టైముకే బయల్దేరాం అని ఈ పుస్తకంలోనే రాశాను. ఎవరూ చూడని పుస్తకంలో కూడా.

ఆవిడ నాలుగూ ఇరవైకి వచ్చి ఉంటుంది.

22, ఆదివారం

పార్కింగుకి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఆదివారం.

23, సోమవారం

పొద్దున కాలవలో ఒక కోటు దొరికిందని వీధిలో అరుపులు. బూడిదరంగు కాదు, ఎవరో పిల్లలది. కానీ అది తేలేలోపు టైలర్ని జీపెక్కించారు. ఎక్కించేటప్పుడు అతను గుంపులో నన్ను చూశాడు. "మేనేజరు గారిని అడగండి, ఆయన చూశారు" అని అరిచాడు. నన్ను సాక్ష్యానికి పిలిచాడు.

అక్కణ్ణుంచి నడుచుకుంటూ లైసెన్సింగు ఆఫీసుకి వెళ్ళాను. పోలీసు స్టేషనైతే ఇంకా దగ్గర. కానీ నేను చేసిన తప్పు ఏమిటో ఒక్క మాటలో అర్థమయ్యేది అక్కడి మేడమ్‌కే. పదేళ్ళుగా మా ఫైలు ఆవిడే చూస్తోంది. ఒకసారి నా ట్రిప్ షీటు కొత్త ఆపరేటర్లకి నమూనాగా గోడకి అంటించింది కూడా.

"నాలుగు రోజులు ముందే వచ్చారే! మీ ఫైలు ఎప్పుడొచ్చినా నాకు శ్రమ ఉండదండీ" అంది.

"మేడమ్, ఎనిమిదో తేదీ తిరుగు షీటు నేను అయిదో తేదీన రాశాను."

ఆవిడకి మరో మాట అవసరం లేకపోయింది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎంతమంది వచ్చారు?"

"ముప్పై ఏడు."

"ముప్పై ఎనిమిదో మనిషి?"

"జలపాతం దగ్గర వదిలేసి వచ్చాను. నేను లెక్కపెట్టలేదు. పాస్‌పోర్టు నా జేబులో ఉంది." తీసి బల్ల మీద పెట్టాను. "ఆవిడ తమ్ముణ్ణి పొద్దున పోలీసులు తీసుకెళ్ళారు. ముందు అక్కడికి ఫోను చెయ్యండి. నా సంగతి తర్వాత."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. స్టేషనుకి ఒక ఫోను, అవతలి దేశపు చెక్‌పోస్టుకి ఒక ఫోను. వాళ్ళు ఇంకెవరికో, ఆ ఎవరో ఇంకో చోటికి. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నలభై నిమిషాలు పట్టింది. పదిహేను రోజులు, నలభై నిమిషాలు.

బతికే ఉంది.

జలపాతం దగ్గర పార్కింగు బెంచీ మీద మర్నాడు పొద్దున ఒళ్ళు కాలిపోతూ దొరికిందట. వానలో రాత్రంతా అక్కడే ఉందట. దగ్గర్లోని పెద్దాసుపత్రిలో చేర్చారు. ఆవిడ తన పేరు చెప్పింది. ఊరు చెప్పింది. వాళ్ళు సరిహద్దులో వాకబు చేస్తే, ఆ పేరుగల మనిషి ఎనిమిదో తేదీనే బస్సులో వెళ్ళిపోయిందని, కావాలంటే సంతకం చూసుకోమని జవాబొచ్చింది. ఇక ఆవిడ ఏం చెప్పినా జ్వరంలో పలవరింత అనుకున్నారు. జ్వరం తగ్గాక కూడా అదే పేరు చెబుతుంటే మతి స్థిమితం లేనివాళ్ళ వార్డుకి మార్చారు. కేసుషీటు మీద ఆవిడ చెప్పిన పేరు కొట్టేసి మంచం నంబరు రాశారు.

మేడమ్ ఇదంతా ఫోన్లో విని, నాకు ఒక్కొక్క ముక్కా చెప్పింది. చివర్లో ఒక కాగితం తోసింది. "జరిగింది రాసి ఇవ్వండి."

రాశాను. అక్షరాలు గజిబిజిగా ఉన్నాయి. ఆవిడ తప్పులేమీ దిద్దకుండా తీసుకుంది.

24, మంగళవారం

లైసెన్సు సస్పెండ్ చేశారు. నా సర్టిఫికెట్టు రద్దుకి నోటీసు. కేసు కూడా ఉంటుందట. రెండు బస్సులకీ సీలు వేస్తుంటే బావ షెడ్డు గుమ్మంలో నిలబడి చూశాడు, నా కేసి చూడలేదు. "నాలుగు రోజులు ఆగలేకపోయావు" అని మాత్రం అన్నాడు. పెద్ద డ్రైవరు తాళాలు నా చేతిలో పెట్టి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అక్కకి నేనే వెళ్ళి చెప్పాను. గుమ్మంలోనే నిలబెట్టి అంతా వింది.

"ఆ పిల్లాడు చంపాడని నేను నలుగురితో అన్నానురా" అంది. "నీ ముందే అన్నాను. నీకు ముద్ద కలిపిన చేత్తోనే ఒక్కటి వెయ్యాలనుంది నాకు."

వెయ్యమన్నాను. వెయ్యలేదు, లోపలికి వెళ్ళిపోయింది.

టైలర్ని వదిలేశారు. రేపు వాళ్ళక్కని తీసుకురావడానికి వెళ్తున్నాడు. ఎనిమిదో తేదీ ముద్రని రద్దు చేస్తూ మేడమ్ ఇచ్చిన ఉత్తరం అక్కడ చూపించాలి, షీటు రాసిన మనిషి ఎదురుగా ఉండి ఒప్పుకోవాలి. అందుకని నేనూ వెళ్ళాలి.

25, బుధవారం

ఇది ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను.

మా బస్సులు కదలవు కాబట్టి ఇంకో కంపెనీ బస్సులో వచ్చాం. టైలరు ముందు సీట్లో కూర్చున్నాడు, నేను చివర్లో. దారి పొడుగునా అతను నాతో అన్నది ఒకే మాట. స్టాండులో టికెట్లు తీసుకునేటప్పుడు, "నవ్వుతూ దిగిందన్నారే" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు.

ఇక్కడికొచ్చాక కాగితాల మీద కాగితాలు. రక్త సంబంధీకుడు సంతకాలు పెట్టాలని అతన్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. "ఈలోపు మీరు వెళ్ళి చూడండి" అని నర్సు నన్ను వార్డులోకి పంపింది. నేనెవరో ఆమెకి తెలీదు.

కిటికీ పక్క మంచం. సగమైపోయింది మనిషి. జుట్టు పొట్టిగా కత్తిరించేశారు. నన్ను చూడగానే లేచి కూర్చోబోయింది.

"వచ్చారా బాబూ" అంది. "వీళ్ళకి రోజూ చెప్తూనే ఉన్నాను, మా మేనేజరు గారు పద్ధతి గల మనిషి, వస్తారని. భాష రాదు కదా, వింటే కదా."

నేను మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను.

"నేను నాలుగూ ఇరవైకే వచ్చాను బాబూ. చూస్తే బస్సు లేదు. కంగారు పడలేదు. లెక్కపెడితే ఒకరు తక్కువొస్తారు, తెలుస్తుంది, వెనక్కి తిప్పుకొస్తారు అనుకున్నాను. వాన కొడుతోంది, అక్కడ టీ బడ్డీ ఆవిడ లోపలికి రమ్మని చెయ్యి ఊపింది. వెళ్ళలేదు. మీరొచ్చేసరికి నేను బెంచీ మీద కనబడకపోతే మళ్ళీ నాకోసం వెతుక్కుంటారు కదా, అందరికీ ఆలస్యం." దుప్పటి అంచు సర్దుకుంది. "బాగా ఆలస్యమైందా ఆ రోజు? నన్ను తిట్టుకున్నారా మిగతావాళ్ళు?"

ఊరుకుంటే సరిపోయేది. తలూపితే సరిపోయేది. తమ్ముడు ఎలాగూ తర్వాత చెబుతాడు, అది వాళ్ళింటి మాట అవుతుంది. ఆవిడ నన్ను చూసి సంతోషంగా ఉంది. ఈ పదిహేడు రోజుల్లో నన్ను చూసి సంతోషించిన మనిషి ఆవిడొక్కతే.

"ఎవరూ తిట్టుకోలేదండీ" అన్నాను. "మీరు లేరని ఎవరికీ తెలీదు. నేను లెక్కపెట్టలేదు. మీరు వచ్చేశారని ముందే రాసి ఉంచాను. నాలుగున్నర అని చెప్పి నాలుగూ పదికే బయల్దేరదీశాను. తర్వాత తెలిసినా పన్నెండు రోజులు ఎవరికీ చెప్పలేదు."

ఆవిడ శ్రద్ధగా విన్నది. ఏదో భాష తర్జుమా చేసుకుంటున్నట్టు నా పెదాల వంక చూసింది.

"లెక్కపెట్టలేదా?"

"లేదండీ."

"అసలు లెక్కే పెట్టలేదా?"

"లేదు."

కిటికీ కేసి చూసింది. కింద పార్కింగులో ఏదో బస్సు వెనక్కి తిరుగుతోంది, ఎవరో దాని వెనక చేతులూపుతూ దారి చెబుతున్నారు. అది తిరగడం పూర్తయ్యేదాకా చూసింది. నీళ్ళు కావాలా అని అడిగాను.

"మా తమ్ముణ్ణి పిలవండి" అంది, నా వైపు చూడకుండా.

వచ్చి పిలిచాను. అతను సంతకం సగంలో వదిలేసి పరుగెత్తాడు. లోపలికి వెళ్ళాక తలుపు వేసుకున్నారు.